గాంధీనగర్ కేబిన్లలో వెలుగు: కార్బన్ కడ్డీల నుంచి జినాన్ లాంపుల దాకా

విజయవాడ సినిమా కబుర్లు ఎక్కడ మొదలైనా కటౌట్ల దగ్గరికో, బ్లాక్ టిక్కెట్ల దగ్గరికో పోతాయి. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు మారుతీ టాకీస్ కట్టించిన దగ్గర్నుంచి, గాంధీనగర్ వీధుల నిండా డిస్ట్రిబ్యూటర్ల బోర్డులే కనిపించిన రోజుల దాకా చెప్పుకోవడానికి బోలెడుంది. బాల్కనీ వెనకాల మెట్లెక్కితే వచ్చే చిన్న కేబిన్ గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. తెర మీద బొమ్మ పడేది అక్కడి నుంచే కదా! ఆ గదిలో ఫిలిం కన్నా, మిషన్ కన్నా, ఆంప్లిఫయర్ కన్నా ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవలసింది వెలుగుని. మొదట్లో అది కార్బన్ కడ్డీల మధ్య మండే ఆర్క్, అంటే కరెంటు మంట. తర్వాత జినాన్ వాయువు నింపిన లాంపు. కార్బన్లు ఎప్పుడో పోయాయి, జినాన్ లాంపులు ఇప్పుడు పోతున్నాయి. వాటితో మెలిగిన పద్ధతి కూడా వాటితోపాటే పోతే మాత్రం నష్టం. ఇంకా లాంపులున్న ప్రొజెక్టర్లు చాలా చోట్ల నడుస్తున్నాయి.

ముందు కార్బన్ల సంగతి. ప్రొజెక్టర్‌లో వెలుగు పుట్టే పెట్టె లాంప్ హౌస్. దాని తలుపు తీస్తే వెనకాల గుండ్రటి పెద్ద అద్దం, ముందు ఎదురెదురుగా రెండు కడ్డీలు. అద్దం వైపు ముఖం పెట్టి ఉండేది పాజిటివ్. దాని కొసన గుంట పడి, ఆ గుంటలోంచి అసలు వెలుగు వచ్చేది. ఆ వెలుగుని అద్దం పట్టి, ఫిలిం నడిచే కిటికీ, అంటే ఫిలిం గేటు మీదికి పంపేది. 8 మిల్లీమీటర్ల పాజిటివ్‌కి 7 మిల్లీమీటర్ల నెగటివ్ జోడీ, పైన రాగి పూత. 60 ఆంపియర్లకు అటూ ఇటూ కరెంటు, 35, 40 వోల్టుల డీసీ. వోల్టేజీ చూస్తే తక్కువే. ఆ కరెంటు మాత్రం ఇనుమును వెల్డింగ్ చేసేంత.

పాజిటివ్ కాలినంత వేగంగా నెగటివ్ కాలదు, దానికి సగం కూడా తరగదు. అందుకే పాజిటివ్ పొడుగ్గా వచ్చేది. రెండువేల అడుగుల రీలు ఆడటానికి 22 నిమిషాలు, ఆ లోపు పాజిటివ్ నాలుగంగుళాల దాకా కాలిపోయేది. రీలెక్కించే ముందు ఆపరేటర్ మొదట చూసేది మిగిలిన కడ్డీ పొడవే. నాలుగంగుళాలు లేకపోతే కొత్తది పెట్టాల్సిందే. రీలు మధ్యలో కడ్డీ అయిపోతే తెర నల్లబడేది, కింద నేల టిక్కెట్టు వాళ్ల ఈలలు కేబిన్ దాకా వచ్చేవి. మిగిలిన పొట్టి ముక్కల్ని పారేసేవాళ్లు కాదు. రాగి తొడుగుతో కొత్త కడ్డీకి అతికించి వాడేవాళ్లు. అతుకు సరిగా లేకపోతే అది ఆర్క్ దగ్గరికి వచ్చినప్పుడు వెలుగు ఎగిరెగిరి పడేది.

ఆర్క్ వెలిగించడంలో ఒక క్రమం ఉండేది. అద్దం ముందు కాపు రేకు మూసి, గేటు వైపు షట్టర్ మూసి, రెండు కడ్డీల్ని ఒక్క క్షణం తాకించి వెనక్కి లాగాలి. ఎడం ఆరేడు మిల్లీమీటర్లు వచ్చి మంట కుదురుకున్నాకే కాపు రేకు తీయాలి. తొందరపడి ముందే తీస్తే రాగి తుంపర్లు అద్దం మీద పడి అతుక్కుపోతాయి. ఒక్కో చుక్కా ఒక్కో మచ్చ. ఆ మచ్చలు ఎన్ని రుద్దినా పోవు, ఏడాది తిరిగేసరికి తెర మీద వెలుగు తగ్గిందని యజమాని కొత్త అద్దానికి డబ్బు పెట్టుకోవాలి. మంచి ఆపరేటర్ కేబిన్‌ని అద్దం చూసి గుర్తుపట్టేవాళ్లంటే అందుకే.

గుంట అద్దానికి ఎంత దూరంలో ఉండాలో ఆ దూరం తప్పితే తెర రంగే చెప్పేసేది. ఒక వైపు జరిగితే బొమ్మ నీలంగా, రెండో వైపు జరిగితే ఎర్రమట్టి ఛాయలో, అంచులు చీకటిగా. లాంప్ హౌస్ పక్కన నల్ల అద్దం కిటికీలోంచి మంటని చూస్తూ, కడ్డీల్ని జరిపే చేతిపిడి తిప్పుతూ, కంటి కొసతో తెరని చూస్తూ ఉండాలి. కడ్డీల్ని తనే ముందుకు జరిపే ఫీడ్ మోటారు ఉన్న మిషన్లకీ ఈ కాపలా తప్పేది కాదు, ఎందుకంటే కరెంటు కాస్త తగ్గినా కాలే వేగం మారిపోతుంది, మోటారు మాత్రం దాని వేగంలోనే తిరుగుతుంది. ఎండాకాలం సాయంత్రాలు ఊళ్లో వోల్టేజీ పడిపోతే ఫస్ట్ షో మొత్తం పిడి మీద చెయ్యి తీయకుండా నడపాల్సి వచ్చేది.

నల్ల అద్దం లేకుండా ఆర్క్ చూడకూడదు. వెల్డింగ్ మంటకి వర్తించేదే దీనికీ వర్తిస్తుంది. అప్పటికి ఏమీ అనిపించదు. అర్ధరాత్రి దాటాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు. కడ్డీల లోపలి గుజ్జులో ఉండే రసాయనాలు కాలి తెల్లటి బూడిదగా లాంప్ హౌస్ అంతా పేరుకునేవి. ఆ పొగ పీల్చకుండా పైకప్పు దాకా రేకు గొట్టం, దానికి ఫ్యాను. పొద్దున్నే మార్నింగ్ షోకి ముందు ఆ బూడిదని మెత్తటి బ్రష్షుతో దులిపి, అద్దాన్ని పొడిగుడ్డతో తుడవడం కుర్ర అసిస్టెంట్ల మొదటి పాఠం. వేడి అద్దాన్ని తడిగుడ్డతో ముట్టుకుంటే పగులుతుంది, అది రెండో పాఠం.

ఆర్క్ పక్కనే ఇంకో చిన్న లాంపు ఉండేది, దాన్ని మరిచిపోకూడదు. ఫిలిం మీది శబ్దాన్ని చదివే సౌండ్ హెడ్‌లో ఎగ్జైటర్ లాంపు. అరచేతిలో ఇమిడే బల్బు. అది ఫిలిం అంచున ఉన్న సౌండ్ ట్రాక్ మీద సన్నటి గీతలా పడితేనే హాల్లో మాట వినిపించేది. అది పోతే బొమ్మ ఆడుతూనే ఉంటుంది, పాట ఆగిపోతుంది. స్పేర్ బల్బు ఎప్పుడూ సౌండ్ హెడ్ దగ్గరే, గుడ్డలో చుట్టి ఉండాలి. తీసిన బల్బు కాల్చుకుంటుంది కాబట్టి చేతికి గుడ్డ. కొత్తది పెట్టేటప్పుడు గాజుకి వేలిముద్ర పడకూడదు, ఫిలమెంటు తీగ లెన్సుకి సమాంతరంగా ఉండాలి. కాస్త వంకరైనా మాట బొంగురుపోతుంది.

జినాన్ లాంపు 1950ల్లో జర్మనీలో పుట్టింది. మన హాళ్లకి చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కేబిన్ స్వరూపమే మారిపోయింది. పొగ లేదు, బూడిద లేదు, కడ్డీ తరగడం లేదు. రెండు గంటలు ఆపకుండా ఒకే తెల్లటి వెలుగు. ఆ వెలుగు ఆరనందువల్లే సినిమా అంతా ఒక్క పళ్లెం మీద చుట్టేసి ఒకే ప్రొజెక్టర్‌తో ఆడించడం వీలైంది. పని సుఖమైంది, నిజమే. కానీ కార్బన్‌లో లేని ఒక ప్రమాదం జినాన్‌తో వచ్చింది.

కార్బన్ మండుతున్నప్పుడే ప్రమాదం. ఆర్పేసి చల్లారాక అది ఉత్త బొగ్గు కడ్డీ. జినాన్ లాంపు చల్లగా, పెట్టెలో, ఎక్కడా కనెక్షన్ లేకుండా ఉన్నప్పుడు కూడా ప్రమాదమే. ఆ క్వార్ట్జ్ గాజు బుడ్డిలో జినాన్ వాయువుని బయటి గాలి ఒత్తిడికి ఎనిమిది, పది రెట్ల ఒత్తిడితో నింపుతారు. వెలిగినప్పుడు అది పాతిక, ముప్ఫై రెట్లకు పోతుంది. కారు టైరులో ఉండేది రెండు, రెండున్నర రెట్లు. లాంపు పగిలిందంటే క్వార్ట్జ్ పెంకులు నలువైపులా దూసుకొస్తాయి. లాంప్ హౌస్ లోపల పగిలితే అద్దం తునాతునకలు. చేతిలో పగిలితే కళ్లు, మెడ, మణికట్టు. పాత ఆపరేటర్లు కార్బన్ మార్చినంత తేలిగ్గా జినాన్ మార్చబోతే పెద్దవాళ్లు కోప్పడింది ఇందుకే.

లాంపు మార్చాలంటే మంచి వేళ మార్నింగ్ షోకి ముందు, రాత్రంతా చల్లారాక. షోల మధ్య పదిహేను నిమిషాల్లో మార్చాలనుకోవడమే అన్ని అనర్థాలకీ మూలం. తప్పనిసరైతే లాంపు ఆర్పాక, దాన్ని చల్లార్చే ఫ్యాను బ్లోయర్ని కనీసం పది నిమిషాలు తిరగనివ్వాలి. తర్వాత లాంపుకి డీసీ ఇచ్చే రెక్టిఫయర్ స్విచ్ ఒక్కటే కాదు, గోడ మీది మెయిన్ కూడా ఆపాలి. లాంపుని అంటించే ఇగ్నైటర్ ఇరవై, ముప్ఫై వేల వోల్టుల పల్సు వదులుతుంది, దానితో ఆటలొద్దు. లాంప్ హౌస్ తలుపు తెరిస్తే కరెంటు కట్ అయ్యే స్విచ్ ఉంటుంది. దాన్ని తీగతో కట్టేసిన కేబిన్లో అసలు పని మొదలుపెట్టకూడదు, ముందు ఆ తీగ విప్పాలి.

మెడ దాకా కప్పే ముఖ కవచం, మోచేతుల దాకా తోలు గ్లవ్స్, మందపాటి కోటు. విజయవాడ మే నెలలో, 45 డిగ్రీల ఎండకి కాగిన రేకు కప్పు కింద ఇవన్నీ తొడుక్కోమంటే ఎవరికైనా చిరాకే. కానీ ఒళ్లు చెమటలు కారేది ఆ నెలలోనే, చెమట చెయ్యి క్వార్ట్జ్‌కి తగిలే అవకాశం ఎక్కువగా ఉండేదీ ఆ నెలలోనే. చెమటలోని ఉప్పు వేడికి క్వార్ట్జ్‌లోకి కాలిపోతుంది. అక్కడ గాజు తెల్లగా పాలిపోయి బలహీనపడుతుంది. కొన్ని వందల గంటల తర్వాత పగిలేది ఆ చోటే. పొరపాటున వేలు తగిలితే వెలిగించకముందే శుద్ధమైన ఆల్కహాలుతో, పోగులు రాలని గుడ్డతో తుడిచెయ్యాలి. ఒకసారి వెలిగిందంటే ఆ ముద్ర ఇక పోదు.

మార్చే మనిషి తప్ప కేబిన్లో ఎవరూ ఉండకూడదు. టార్చి పట్టుకోవడానికని, చూసి నేర్చుకోవడానికని పక్కన నిలబడేవాళ్లకు కవచం ఉండదు. పాత లాంపు తీసేటప్పుడు చల్లారిందని తేల్చుకుని, బుడ్డి మీద ప్లాస్టిక్ తొడుగు ముందే బిగించాలి. ఆ తర్వాతే స్క్రూల మీద చెయ్యి. కొత్త లాంపుకి దీనికి తిరగేసిన వరస: తొడుగుతోనే లోపల పెట్టి, బిగించడం అంతా అయ్యాక, తలుపు వేసే ముందు ఆఖరున తొడుగు తీయాలి. తీయడం మరిచి వెలిగిస్తే తొడుగు కరిగి లాంపుకి అంటుకుపోతుంది. కాబట్టి తీసిన తొడుగు బయట కళ్లెదుట బల్ల మీద కనిపించాకే స్విచ్ వెయ్యాలి.

పట్టుకోవడం లోహపు కొసలతోనే. క్వార్ట్జ్ లోపలి ఒత్తిడిని బాగానే తట్టుకుంటుంది. మెలితిప్పితే, వంచితే మాత్రం తట్టుకోదు. ఒక కొసని బిగించేటప్పుడు స్పానర్ బలం బుడ్డికి చేరకుండా అదే కొస లోహాన్ని రెండో చేత్తో ఆపిపట్టాలి. రెండు కొసల్నీ గట్టిగా బిగించెయ్యకూడదు. ఒకటే గట్టిది, రెండోది వేడికి సాగడానికి చోటుండేలా ఆనుకుని ఉండాలి. దానికి వచ్చే కేబుల్ లాగినట్టు బిగువుగా ఉండకూడదు, కాస్త వదులుగా వేలాడాలి. కొత్త లాంపులు వంద గంటల్లోపే పగిలాయంటే చాలాసార్లు కారణం ఇదే: రెండు వైపులా బిగింపు, లేదా కేబుల్ లాగుడు. అలాగని కనెక్షన్ వదులుగా వదిలేస్తే డెబ్భై, ఎనభై ఆంపియర్ల కరెంటుకి అక్కడ నల్లగా కాలి గుంటలు పడతాయి. కాలిన క్లాంపుని మార్చకుండా కొత్త లాంపు పెడితే ఆ గుంటలు కొత్తదానికీ పడతాయి. లోహపు కొసల వేడి 230 డిగ్రీలు దాటకూడదు. దాటితే క్వార్ట్జ్, లోహం కలిసే సీలు దెబ్బతింటుంది.

పాజిటివ్, నెగటివ్ గుర్తులు రెండుసార్లు చూడాలి. లోపల లావుగా, మొద్దుగా ఉన్నది ఆనోడ్, అంటే పాజిటివ్. సన్నగా మొన తేలి ఉన్నది కాథోడ్, అంటే నెగటివ్. తిరగేసి కలిపితే మొన కొన్ని క్షణాల్లో కరిగిపోతుంది, వేలకు వేలు పోసి కొన్న లాంపు అంతటితో సరి.

వెలిగించాక ఫిలిం లేకుండా ఖాళీ తెర మీద వెలుగు పరిచి, అద్దానికీ లాంపుకీ ఉన్న దూరం, ఎత్తు, పక్కలు సరిచెయ్యాలి. నాలుగు మూలలూ సమానంగా వచ్చేదాకా. కొత్త లాంపుకి పూర్తి కరెంటు ఇవ్వకూడదు. ఎనభై శాతం దగ్గర మొదలుపెట్టి, వెలుగు తగ్గే కొద్దీ పెంచుకుంటూ పోతే లాంపు ఆయుష్షు పెరుగుతుంది. పడుకోబెట్టి వాడే లాంపులో మంట పైకి వంగుతుంది, పై భాగం ఎక్కువ కాగుతుంది. సగం గంటలయ్యాక లాంపుని 180 డిగ్రీలు తిప్పి పెట్టడం అందుకే. దీనికీ కవచాలు, తొడుగు, మెయిన్ ఆపడం అన్నీ మొదటి నుంచి పాటించాల్సిందే.

ఒక రిజిస్టర్ ఉండాలి. లాంపు నంబరు, పెట్టిన తేదీ, అప్పటి గంటల మీటరు, తిప్పిన తేదీ. రెండువేల వాట్ల లాంపుకి సుమారు రెండువేల గంటలు, నాలుగువేల వాట్లదైతే అందులో సగం. కంపెనీ చెప్పిన గంటల మీద మహా అయితే ఇంకో పాతిక శాతం. వెలుగు బాగానే ఉంది కదా అని అక్కణ్నుంచి లాగడం యజమానికి పొదుపులా కనిపిస్తుంది. టంగ్‌స్టన్ ఆవిరై బుడ్డి లోపల నల్లగా పట్టేస్తుంది, ఆ నలుపు వేడిని పట్టి ఉంచుతుంది, అప్పటికే అలిసిన క్వార్ట్జ్ ఇంకా కాగుతుంది. పగిలితే అద్దం ఖరీదు లాంపు ఖరీదుకి తోడవుతుంది.

కరెంటు కోత సంగతి వేరే చెప్పాలి, మన ఊళ్లలో లాంపుల్ని ఎక్కువగా చంపింది అదే. షో మధ్యలో కరెంటు పోతే లాంపుతోపాటు బ్లోయరూ ఆగిపోతుంది. భగభగ కాగిన లాంపుకి గాలి ఆడదు, సీళ్లు ఉడికిపోతాయి. జనరేటర్ రాగానే లైను మొదట బ్లోయర్‌కి ఇవ్వాలి. హాల్లో ఎంత గోల చేసినా లాంపుని వెంటనే వెలిగించబోకూడదు. వేడి లాంపు అంత తేలిగ్గా అందుకోదు, ఇగ్నైటర్ టిక్కుటిక్కుమంటూ కొట్టుకుంటూనే ఉంటుంది, ఒక్కో దెబ్బకీ కాథోడ్ మొన అరుగుతుంది. ఇంటర్వెల్‌లో కూడా లాంపు ఆర్పకుండా కరెంటు తగ్గించి షట్టర్ మూసి ఉంచేది ఈ మొన కోసమే. ఇక బొమ్మ అదురుతుంటే లాంపునే తప్పుపట్టకండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా రెక్టిఫయర్ డీసీలో అలలు వస్తాయి, ఫ్యూజులు చూశాక లాంపు జోలికి వెళ్లండి.

డిజిటల్ వచ్చాకా చాలా హాళ్లలో ఇదే జినాన్ లాంపు కొనసాగింది, లేజర్ వచ్చిన చోటే సెలవు తీసుకుంది. గుంటూరు బ్రాడీపేట కోచింగ్ సెంటర్లలో, కల్యాణమండపాల్లో, స్కూళ్లలో వేలాడే చిన్న ప్రొజెక్టర్లది ఇంకో జాతి. వాటి లాంపులో పాదరసం ఉంటుంది, వెలిగినప్పుడు ఒత్తిడి రెండువందల రెట్లు దాటుతుంది. లాంపు చిన్నది కాబట్టి, పంజరంలో వస్తుంది కాబట్టి ధైర్యంగా మార్చొచ్చు, పద్ధతిగా అయితే. ప్లగ్గు తీసి గంట ఆగాలి. మూత స్క్రూలు వదులు చేసి, పంజరాన్ని పిడితో నిలువుగా లాగాలి. తలకి పైన సీలింగుకి ఉన్నదైతే కళ్లద్దాలు తప్పనిసరి, లోపల పగిలి ఉంటే పెంకులు మొహాన పడతాయి. కొత్తది పెట్టి మూత పూర్తిగా బిగించకపోతే స్విచ్ తగలక ప్రొజెక్టర్ ఆన్ కాదు, చాలామంది లాంపు చెడిందనుకుని వాపసు తీసుకెళ్లేది అప్పుడే. గాలి ఫిల్టరు అదే రోజు దులపాలి. లాంపు గంటల లెక్కని మెనూలో సున్నా చెయ్యాలి, కానీ లాంపు మార్చకుండా లెక్క ఒక్కటే సున్నా చెయ్యడం మహా పాపం. పగిలిందా, అందరినీ బయటికి పంపి, కిటికీలు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు, పాదరసం ఆవిరిని అది గదంతా చిమ్ముతుంది.

పాత రోజుల మీద ప్రేమతో కాలిపోయిన జినాన్ లాంపుని షోకేసులో పెట్టుకున్న వాళ్లున్నారు. చూడ్డానికి అందంగానే ఉంటుంది. వెలగదు గానీ లోపలి ఒత్తిడి ఎక్కడికీ పోలేదు, పిల్లలు ముట్టుకునే ఎత్తులో ఉన్న ఆ వస్తువు ఈరోజే తీసెయ్యాలి. ముందు కవచం వేసుకుని, ప్లాస్టిక్ తొడుగుతోనే నాలుగైదు మడతల కాన్వాసు గుడ్డలో చుట్టి, నేల మీద పెట్టి, సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వెయ్యాలి. జినాన్ విషవాయువు కాదు, గాలిలో కలిసిపోతుంది. పాదరసం లాంపుని మాత్రం ఇలా పగలగొట్టకూడదు, దాన్ని పెట్టెతో సహా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. జినాన్ లాంపు పెంకులన్నీ ఏరేశాక గుడ్డలో లావుపాటి ఆనోడ్ మిగులుతుంది. స్వచ్ఛమైన టంగ్‌స్టన్ ముద్ద, బొటనవేలంత ఉండి చేతికి బరువుగా తగులుతుంది. దాచుకోవాలనుకున్నవాళ్లు దాన్ని దాచుకోవచ్చు.